కుట్లు

ముప్ఫై ఒక్క ఏళ్ళు పశువైద్య కళాశాలకు బొమ్మలు గీశాను.
ఆవు నాలుగు పొట్టలు, గుర్రం మోకాలు,
కుక్క తుంటి ఎక్కడ జారుతుందో చూపే బాణం గుర్తు.
ఆ పటాల కింద నా పేరు ఉండేది కాదు,
ఆవు పేరూ ఉండేది కాదు.

ఇప్పుడు బ్ర్నోలో నవంబరు.
ట్రామ్ తీగలు పొగమంచులోంచి వచ్చి పొగమంచులోకే పోతున్నాయి.
వంటింటి బల్ల మీద ఉల్లిపొట్టు పక్కన
నల్ల పలక ఒకటి, నల్ల పుల్ల ఒకటి.
వొయ్‌తేహ్ అనే కుర్రాడు పంపాడు:
“మార్చికల్లా పన్నెండు వింత జంతువులు కావాలి, రద్మిలా గారూ,
మా అట్టపెట్టె ఆట కోసం.
భయపెట్టాలి. పదేళ్ళ పిల్లలు కొనిపించుకునేలానూ ఉండాలి.”

మొదటి వారం పుల్ల నా మాట వినలేదు.
చెయ్యి ఇక్కడ, గీత అక్కడెక్కడో తెర మీద,
వేరొకరి చేత్తో తల దువ్వుకున్నట్టు.
లేయర్లంటే మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది:
తోలు, కొవ్వు, కండ, ఎముక
ఒక్కొక్కటీ ఎత్తి చూడడమే కదా నా ఉద్యోగం.
కాకపోతే ఇక్కడ వాసన రాదు.
ఎముకను తోలు మీదికి లాగినా
ఏదీ కేక పెట్టదు.

అన్‌డూ ఒకటి మింగుడు పడలేదు.
కాగితం మీద తప్పును బ్లేడుతో గీకేదాన్ని.
వెలుతురుకు ఎత్తితే అక్కడ పలచగా తెలిసేది,
మానిన పుండు మీద కొత్త తోలులా.
ఇక్కడ రెండు వేళ్ళతో తడితే చాలు,
తప్పు పుట్టనే లేదు.
ఒక రాత్రి ఎన్నిసార్లు తట్టానో,
తెల్లారేసరికి తెర తెల్లగా ఉంది.
నడుం నొప్పి ఒక్కటే సాక్ష్యం.

రెండేళ్ళుగా కుడిచెయ్యి వణుకుతోంది,
కొద్దిగానే, టీ గ్లాసులో చెంచా మోగేంత.
దానికీ పలకలో మందుంది:
నిలకడ, సున్నా నుంచి పది దాకా.
ఏడులో పెట్టాను.
నూనె రాసినట్టు జారింది గీత.
మూడో జంతువు, రెక్కల పాము,
ఒక్క పొలుసు కూడా వంకర పోకుండా వచ్చింది.
పక్కింటి బ్లాజెనా కళ్ళజోడు ఎత్తి చూసి
“సబ్బు పెట్టె మీద బాగుంటుంది” అంది.

మర్నాడు ఉప్పుకని బయల్దేరి
పాత టౌన్‌హాల్ దారిన నడిచాను.
అక్కడ కమాను కింద వేలాడుతుంది మా ఊరి డ్రాగన్.
డ్రాగన్ అంటాం గానీ, మొసలి.
ఎక్కడి నుంచో వచ్చిన దాన్ని చూసి
పిలవడానికి మాటలేక
ఉన్న భయం పేరే పెట్టేశారు.

నా ఆరో ఏట నాన్న భుజాల మీద ఎక్కించుకుని చూపించాడు.
నేను పళ్ళు చూడలేదు.
పొట్ట కింద కుట్లు చూశాను.
“లోపల ఎవరున్నారు?”
“గడ్డి” అన్నాడు నాన్న.
ఆ రాత్రంతా
గడ్డి అంటే భయం వేసింది.

ఇంటికొచ్చి ఏడును సున్నా చేశాను.
గొంతు నుంచి తోక దాకా
పాముకు కుట్లు వేశాను, వణికే చెయ్యి వణుకుతున్నట్టే,
ఎవరో చీకట్లో, తొందరలో,
సరైన సూది లేక కుట్టినట్టు.
ఒక్కదానికీ అన్‌డూ నొక్కలేదు.
అబద్ధం. ఒకసారి నొక్కాను,
కళ్ళజోడు జారి పలక మీద పడ్డప్పుడు.

వొయ్‌తేహ్ రాశాడు: “భలే ఉంది.
కానీ ఆ కుట్లు తీసేద్దామా?
పాము పుట్టినట్టుండాలి గానీ
ఎవరో చేసినట్టుంది.”

కుట్లు పదకొండో లేయర్‌లో ఉన్నాయి, బాబూ, అని రాశాను.
దాని పక్కన చిన్న కన్ను బొమ్మ ఉంటుంది.
ముయ్యాలనుకుంటే నువ్వే ముయ్యి.

ఇంకా జవాబు రాలేదు.
నాలుగోదానికి కాళ్ళు మొదలుపెట్టాను,
గుర్రం మోకాలే, కాస్త కిందికి.
సూపు చప్పగా ఉంది.
ఉప్పు కొనడం మరిచేపోయాను.